ఫ్రాన్సిస్ బుకానన్-హామిల్టన్

ఫ్రాన్సిస్ బుకానన్-హామిల్టన్ (1762 ఫిబ్రవరి 15 - 1829 జూన్ 15) స్కాట్లాండు దేశానికి చెందిన వైద్యుడు, వృక్షశాస్త్రజ్ఞుడు, జంతుశాస్త్రజ్ఞుడు. ఈస్టిండియా కంపెనీ వైద్యశాఖలో ఉద్యోగిగా 1794 నుండి 1815 వరకు భారతదేశంలో పనిచేశాడు. మైసూరు, బెంగాల్, బీహారు ప్రాంతాలలో ఈయన జరిపిన సర్వేలు చరిత్రకారులకు నేటికీ ముఖ్యమైన ఆధారాలు. అయితే శాస్త్రలోకంలో ఈయన పేరు నిలిచి ఉన్నది ప్రధానంగా చేపల వలన. 1822లో ఎడింబరో నగరంలో వెలువడిన గంగానది చేపల గ్రంథంలో ఈయన సుమారు 270 జాతుల మత్స్యాలను వర్ణించాడు. వానిలో వందకు పైగా జాతులు అంతకు ముందు శాస్త్రజ్ఞులకు తెలియనివి. తెలుగువారికి ప్రీతిపాత్రమైన పులస, బొచ్చె, శీలావతి చేపల శాస్త్రీయ నామాలలోని రెండవ పదం ఈయన ఇచ్చినదే. నేడు ప్రపంచమంతటా ప్రయోగశాలలలో పెంచుతున్న జీబ్రా చేపను మొట్టమొదట వర్ణించినది కూడా ఈయనే.

పేరు గురించి

ఈయన పేరు విషయంలో పాఠకులు తికమక పడటం సహజం. పుట్టుకతో వచ్చిన ఇంటిపేరు బుకానన్. భారతదేశంలో ఉన్నంతకాలం ఆ పేరుతోనే వ్యవహరించాడు. 1818లో తల్లి తరఫు ఆస్తి సంక్రమించినప్పుడు ఆమె ఇంటిపేరైన హామిల్టన్‌ను స్వీకరించాడు. అందువలన మైసూరు యాత్రాగ్రంథంపై బుకానన్ అనీ, చేపల గ్రంథంపై "పూర్వం బుకానన్" అనే వివరణతో హామిల్టన్ అనీ కనిపిస్తుంది. వృక్షశాస్త్రజ్ఞులు రెండు పేర్లనూ కలిపి సంక్షిప్తంగా వ్రాస్తారు. మత్స్యశాస్త్రజ్ఞులు హామిల్టన్, 1822 అని మాత్రమే వ్రాస్తారు. ఒకే వ్యక్తిని ఇద్దరుగా భావించినవారు కూడా లేకపోలేదు.

బాల్యము, విద్య

స్కాట్లాండులోని పెర్త్‌షైర్ ప్రాంతంలో, క్యాలండర్ పట్టణ సమీపంలో ఆస్తిపాస్తులున్న కుటుంబంలో జన్మించాడు. తండ్రి థామస్ బుకానన్ కూడా వైద్యుడే. తల్లి ఎలిజబెత్ హామిల్టన్. ఎడింబరో విశ్వవిద్యాలయంలో వైద్యం అభ్యసించి 1783లో పట్టా పొందాడు. అక్కడ జాన్ హోప్ అనే ఆచార్యుని వద్ద వృక్షశాస్త్రం నేర్చుకున్నాడు. స్వీడన్ దేశీయుడైన లిన్నేయస్ ప్రవేశపెట్టిన ద్వినామ పద్ధతిని, అనగా ప్రతి జీవికీ రెండు పదాల శాస్త్రీయ నామం ఇచ్చే విధానాన్ని, బోధించినవారిలో హోప్ ఒకడు. మొక్కను చూడగానే దాని కేసరాలను, దళాలను లెక్కపెట్టే అలవాటు ఆ తరగతులలో ఏర్పడింది. తరువాతి కాలంలో చేపల వాజాలలోని ముళ్ళను లెక్కించడానికి ఈ శిక్షణయే ఉపకరించింది. చదువు పూర్తి చేసిన పిదప కొన్ని సంవత్సరాలు ఆసియా దేశాలకు పోయే నౌకలలో పనిచేసి, 1794లో కంపెనీవారి బెంగాల్ వైద్యశాఖలో చేరాడు.

బర్మా రాయబారము

ఉద్యోగంలో చేరిన మరుసటి సంవత్సరమే, 1795లో, మైఖేల్ సైమ్స్ నాయకత్వంలో బర్మా రాజు ఆస్థానానికి వెళ్ళిన రాయబార బృందంలో వైద్యునిగా చేరాడు. ఈ ప్రయాణంలో అనేక మొక్కలను సేకరించడమే గాక, అక్కడి భాషలను గూర్చి కూడా తెలుసుకున్నాడు. 1799లో ఆసియాటిక్ రిసెర్చెస్ పత్రికలో ప్రచురించిన బర్మా భాషల పదపట్టికలో అరకాన్ ముస్లిముల పేరుగా రోహింగ్యా అనే పదానికి దగ్గరి రూపాన్ని నమోదు చేశాడు. ఆ కారణంగా ఆ చిన్న వ్యాసం ఇరవై ఒకటవ శతాబ్దంలో అనేక వాదోపవాదాలలో ప్రస్తావనకు వచ్చింది.

లక్ష్మీపురంలో చేపల పరిచయం

బర్మా నుండి తిరిగి వచ్చిన తరువాత 1796 నుండి 1798 వరకు బెంగాల్ ఆగ్నేయభాగాన లక్ష్మీపురం అనే చోట వైద్యునిగా నియమితుడయ్యాడు. ఈ ఊరు నేడు బంగ్లాదేశ్‌లో మేఘనా నది ముఖద్వార ప్రాంతంలో ఉంది. చుట్టూ నదులు, వాగులు, వరిపొలాలు, వర్షాకాలంలో ఎటు చూచినా నీరు. అంగడిలో ప్రతిదినం రకరకాల చేపలు. మొక్కలకోసం ఎండలో తిరగవలసి ఉండగా, చేపలు మాత్రం జాలరుల బుట్టలలో ఇంటి ముంగిటికే వచ్చేవి. బుకానన్ మత్స్య పరిశోధన ఇక్కడ ప్రారంభమైంది. ఆయన గ్రంథంలో అనేక చేపలకు నివాసస్థలంగా బెంగాల్ ఆగ్నేయభాగమని ఉండటానికి కారణం ఈ రెండేళ్ళ నివాసమే. 1798లో సుగంధద్రవ్యాల సాగుకు అనువైన భూములను పరిశీలించడానికి చిట్టగాంగ్ కొండలలో కూడా పర్యటించాడు.

అక్కడ ఆయన దృష్టి పెద్ద చేపలతో ఆగలేదు. తూకానికి రాని, పిల్లలు గుడ్డతో పట్టుకొనే చిన్న చేపలను కూడా విడిచిపెట్టలేదు. అంతకు ముందు యూరోపియన్ పండితులు వర్ణించిన భారతీయ మత్స్యాలలో అధికభాగం సముద్రపు చేపలు. ప్యాట్రిక్ రస్సెల్ 1780ల దశకంలో విశాఖపట్నంలో నివసించి, తీరంలో దొరికిన 200 చేపలను స్థానిక నామాలతో వర్ణిస్తూ రూపొందించిన గ్రంథం 1803లో వెలువడింది. తెలుగునేలపై పుట్టిన ఆ గ్రంథం గొప్పదే. అయితే వాగులలోని, గుంటలలోని చిరుచేపల సంగతి అందులో లేదు. ఆ లోటును తీర్చినది బుకానన్.

మైసూరు, నేపాలు

1799లో టిప్పు సుల్తాను మరణానంతరం, కంపెనీకి కొత్తగా స్వాధీనమైన ప్రాంతాల స్థితిగతులు తెలుసుకొనుటకు గవర్నర్ జనరల్ వెల్లస్లీ 1800లో బుకానన్‌ను నియమించాడు. మద్రాసు నుండి బయలుదేరి మైసూరు, కన్నడ, మలబారు ప్రాంతాలను తిరిగి, పంటలు, పన్నులు, కులాలు, చేతివృత్తులు, దేవాలయాలు మొదలైన వివరాలన్నిటినీ దినచర్య రూపంలో వ్రాశాడు. ఇది 1807లో మూడు సంపుటాలుగా ప్రచురితమైంది. పరిశీలన కన్నా వేగం ఎక్కువైన చోట్లు ఇందులో ఉన్నప్పటికీ, దక్షిణభారత వ్యవసాయ చరిత్ర వ్రాసేవారు దీనిని దాటి పోలేరు.

1802లో కెప్టెన్ నాక్స్ బృందంతో నేపాలు వెళ్ళి, సుమారు ఒక సంవత్సరం కాఠ్మాండు లోయలో గడిపాడు. నేపాల్ మొక్కలను శాస్త్రీయంగా సేకరించినవారిలో ఈయనే ప్రథముడు. నేపాల్ రాజ్యాన్ని గురించిన ఈయన గ్రంథం 1819లో వెలువడింది.

తిరిగి వచ్చాక వెల్లస్లీకి వైద్యుడై, కలకత్తా సమీపాన బారక్‌పూరులో నెలకొల్పిన జంతుశాలను 1805 వరకు పర్యవేక్షించాడు. హలుదార్ అనే బెంగాలీ చిత్రకారుడు ఇక్కడ ఈయనకోసం జంతువుల, పక్షుల చిత్రాలు గీశాడు. 1805లో వెల్లస్లీతో పాటు ఇంగ్లాండుకు వెళ్ళి, 1806లో రాయల్ సొసైటీ సభ్యునిగా ఎన్నికయ్యాడు.

బెంగాల్ సర్వే

కంపెనీ డైరెక్టర్ల ఆదేశం ప్రకారం 1807 నుండి 1814 వరకు ఏడు సంవత్సరాలు ఈయన దినాజ్‌పూర్, రంగపూర్, పూర్ణియా, భాగల్పూర్, పాట్నా, గయ, షాహాబాద్, గోరఖ్‌పూర్ ప్రాంతాలను సర్వే చేశాడు. వర్షాకాలంలో ఒక చోట ఉండి నివేదికలు వ్రాయడం, చలికాలంలో గ్రామగ్రామానికి తిరగడం ఆయన పద్ధతి. ప్రజల మతాచారాలు మొదలుకొని నేల స్వభావం, కూలి రేట్లు, నేతమగ్గాల వరకు అన్నిటినీ నమోదు చేయాలని ఆదేశం. అందులో చేపల వేట కూడా ఒక అంశము. ఈ విధంగా, కంపెనీ ఆదాయంకోసం ఉద్దేశించిన సర్వే మత్స్యశాస్త్రానికి కూడా మేలు చేసింది.

ప్రతి జిల్లాలోనూ స్థానిక జాలరులు తెచ్చిన చేపలను చూసి, వారు చెప్పిన పేరును వ్రాసుకొని, పచ్చిగా ఉండగానే కొలతలు, రంగులు నమోదు చేసేవాడు. బెంగాలీ చిత్రకారుల చేత బొమ్మలు గీయించేవాడు. చచ్చిన చేప రంగు కొద్ది గంటలలోనే వెలిసిపోతుంది కావున ఈ తొందర అవసరమే. అయితే ఆయన చేపలను సారాయిలో భద్రపరచి దాచలేదు. వర్ణన, చిత్రం, ఈ రెండే ఆధారాలు. దీని ఫలితాన్ని తరువాతి తరాలవారు అనుభవించవలసి వచ్చింది.

చిన్న చేపలను గుర్తించిన విధానము

రెండంగుళాల చేపలను వేరువేరు జాతులుగా గుర్తించడం ఎంత కష్టమో, మన ఊరి కాలువలలో పరిగలను చూసినవారికి తెలుసు. దూరం నుండి అన్నీ వెండి రేకులే. బుకానన్ వీటిని పరిశీలించిన క్రమం నేటి విద్యార్థులకూ పనికివస్తుంది. మీసాలు ఉన్నవా, ఉంటే ఎన్ని జతలు? వెన్నువాజంలోని గట్టి ముల్లు నున్నగా ఉందా, రంపపు పళ్ళు ఉన్నవా? పార్శ్వరేఖ తోక వరకు సాగిందా, మధ్యలో ఆగిపోయిందా? నల్లచుక్కలు ఎన్ని, ఎక్కడ?

పరిగలలో మూడింటిని పోల్చి చూస్తే ఈ పద్ధతి స్పష్టమవుతుంది. ఆయన టిక్టో అని పేరుపెట్టిన చేపకు మొప్పల వెనుక ఒక నల్లచుక్క, తోక దగ్గర మరొకటి ఉంటాయి, ముల్లుకు రంపపు పళ్ళుంటాయి. కాంకోనియస్ అనే దానికి తోక వైపు ఒకే ఒక పెద్ద చుక్క ఉంటుంది. సంతానోత్పత్తి కాలంలో మగచేప ఎర్రబారుతుంది. సోఫోర్ అనే దానికి తోక మొదట ఒక చుక్క, వెన్నువాజం అడుగున మరొక మచ్చ ఉంటాయి, ముల్లు నున్నగా ఉంటుంది. ఈ మూడింటికీ మీసాలు ఉండవు. ఇదే వర్గంలోని చోలాకు ఒక జత మీసాలుంటాయి.

వాగులలో ఆయన గుర్తించిన మరికొన్ని చిన్న చేపలు కూడా విశేషమైనవే. చాందా నామా గాజువలె పారదర్శకంగా ఉండి, లోపలి ఎముకలు బయటికి కనిపించే చేప. ఇది ఇతర చేపల పొలుసులను కొరికి తింటుంది. బాడిస్ పరిసరాలను బట్టి రంగు మార్చుకుంటుంది. పాంచాక్స్ నీటి పైభాగాన తిరుగుతూ దోమపిల్లలను తింటుంది, తలపై తెల్లని మెరుపుచుక్క దీని గుర్తు. గుంటియా ఇసుకలో దూరి దాగుకొనే చేప, కంటి క్రింద ముల్లు ఉంటుంది. బొమ్మిడాయిల వర్గానికి చెందిన పాంకాలస్, నీటి నురగతో గూడుకట్టే లాలియస్, పొడవైన మీసాలు గల దాన్రికా కూడా ఆయన వర్ణించినవే. మోలా అనే చిరుచేపను బెంగాలీలు తలతో సహా వండుకొని తింటారు. ఇందులో విటమిన్ ఏ అత్యధికంగా ఉన్నదని బంగ్లాదేశ్‌లో జరిగిన పరిశోధనలలో తేలింది. చిన్న చేప గదా అని పారవేయక దానికొక పేరు పెట్టి ఉంచిన బుకానన్‌కు ఈ సంగతి తెలియదు.

పేర్లు పెట్టడంలో ఆయన అనుసరించిన మార్గం ప్రత్యేకమైనది. గ్రీకు, లాటిన్ పదాలకోసం వెదకక, జాలరుల నోటి పేర్లనే లాటిన్ రూపంలోనికి మార్చాడు. బెంగాలీ వారు పుంటి అనే చేప పుంటియస్ అయింది. వరిపొలాలకు సంబంధించిన ధానీ అనే మాట డానియో అయింది. బంగారువన్నె గల కాంచన పుంటి కాంకోనియస్ అయింది. రోహిత, మృగాల, కాట్ల, ఇలిషా అనే పేర్లు దాదాపు యథాతథంగా నిలిచాయి. పరిగల వంటి చేపలన్నిటినీ సిప్రినస్ అనే ఒకే పెద్ద ప్రజాతిలో చేర్చి, దానిని చిన్న వర్గాలుగా విభజించాడు. పుంటియస్, డానియో, బారిలియస్, చేలా, గర్రా అనేవి ఆ వర్గాల పేర్లే. నేడు ఇవన్నీ స్వతంత్ర ప్రజాతులు. ఆ చేపలను పట్టి, పేరు చెప్పి, నివాసం వివరించిన జాలరుల పేర్లు మాత్రం ఏ పుస్తకంలోనూ లేవు. వారి భాష మాత్రం ప్రపంచంలోని మత్స్యశాస్త్ర గ్రంథాలన్నిటిలోనికీ చేరింది.

చిత్రాల వివాదము

సామర్లకోటలో చాలాకాలం పనిచేసి, తెలుగుదేశపు మొక్కలపై గొప్ప కృషి చేసిన విలియం రాక్స్‌బర్గ్ తరువాత కలకత్తా వృక్షోద్యానానికి అధిపతి అయ్యాడు. ఆయన 1813లో వెళ్ళిపోగా, బుకానన్ 1814లో ఆ పదవిని స్వీకరించాడు. కాని ఆరోగ్యం చెడిపోవడం వలన 1815 ఆరంభంలోనే భారతదేశాన్ని విడిచిపెట్టాడు.

వెళ్ళే ముందు, తాను గీయించిన చిత్రాలను వెంట తీసుకొనిపోయి లండనులోని కంపెనీవారికి సమర్పించాలనుకున్నాడు. గవర్నర్ జనరల్ లార్డ్ మొయిరా అందుకు అంగీకరించలేదు. ప్రభుత్వ ఖర్చుతో గీయించినవి గనుక అవి కలకత్తాలోనే ఉండాలని ఆదేశించాడు. చట్టప్రకారం ఆ ఆదేశం సరియైనదే కావచ్చును గాని, ఇరవై సంవత్సరాల శ్రమను గ్రంథంగా మలచవలసిన పండితునికి అది పెద్ద దెబ్బ. భద్రపరచిన నమూనాలు లేవు, చిత్రాలలో అధికభాగం చేతిలో లేవు. మిగిలినవి తన వ్రాతప్రతులు, కొన్ని బొమ్మలు.

గంగానది చేపల గ్రంథము

ఈ పరిస్థితిలో స్కాట్లాండులోని లేనీ అనే తన ఎస్టేటులో కూర్చుని వ్రాసినదే గంగానదిలోను దాని శాఖలలోను లభించే చేపలను వివరించే గ్రంథము. 1822లో ఒక సంపుటంగా పాఠం, మరొక సంపుటంగా 39 చిత్రఫలకాలు వెలువడ్డాయి. సుమారు 270 జాతులలో వందకు లోపు జాతులకు మాత్రమే బొమ్మలున్నవి. గంగానది అని పేరున్నా, బ్రహ్మపుత్ర, కోసీ వంటి నదుల చేపలు, సముద్రపు పోటు చేరే కయ్యల చేపలు కూడా ఇందులో ఉన్నాయి. ఫ్రాన్సు దేశపు కువియే, వలెన్సియెన్ తమ బృహత్ మత్స్యగ్రంథంలో దీనిని విస్తారంగా ఉపయోగించుకున్నారు.

బొమ్మ లేని, నమూనా లేని జాతిని కేవలం వర్ణన చదివి గుర్తించవలసి రావడంతో తరువాత అనేక పొరపాట్లు జరిగాయి. ఉదాహరణకు ఆయన సోఫోర్ ఏ చేప అన్నది చాలాకాలం తేలలేదు. అందుచేత ఫ్రాన్సిస్ డే తన ప్రసిద్ధ గ్రంథంలో అదే చేపను స్టిగ్మా అనే మరొక పేరుతో చూపాడు.

కలకత్తాలో ఉండిపోయిన చిత్రాల కథ మరింత విచిత్రమైనది. వానిలో కొన్నిటికి నకళ్ళు హార్డ్‌విక్ సేకరణలో చేరి, గ్రే అనే జంతుశాస్త్రజ్ఞుని ద్వారా ఇంగ్లాండులో అచ్చయ్యాయి. కలకత్తాలో మెక్‌క్లెలండ్ అసలు చిత్రాలను చూసి, 1839లో ప్రచురించిన తన గ్రంథంలో కొన్నిటిని వాడుకున్నాడు. 1871లో డే ఆసియాటిక్ సొసైటీ గ్రంథాలయంలో ఉన్న ఆ చిత్రాలను పరిశీలించి వ్యాసం వ్రాశాడు. చివరకు 1929లో సుందర్ లాల్ హోరా, ముద్రిత వర్ణనలను ఈ చిత్రాలతో సరిపోల్చి, ఏ పేరు ఏ చేపదో వివరిస్తూ ఇండియన్ మ్యూజియం ప్రచురణలలో ఒక సహాయగ్రంథం వెలువరించాడు. 1815లో విడిపోయిన పాఠమూ బొమ్మా ఒకచోట చేరడానికి నూరేళ్ళకు పైగా పట్టిందన్నమాట.

సర్వే నివేదికలకు పట్టిన గతి కూడా ఇటువంటిదే. 1838లో మాంట్‌గోమరీ మార్టిన్ వాటిని కుదించి మూడు సంపుటాలుగా ప్రచురించినప్పుడు ముఖపత్రంపై బుకానన్ పేరే లేదు. ఇది నిస్సందేహంగా అన్యాయము.

చివరి సంవత్సరాలు

లేనీలో తోటల పెంపకంతోను, మొక్కలపై వ్యాసాలతోను కాలం గడిపాడు. వంశ గౌరవంపై పట్టింపు గల మనిషి. బుకానన్ వంశానికి పెద్ద తానేనని 1826లో నిరూపించుకున్నాడు. 1829 జూన్ 15న మరణించాడు. గంగానది చేపల గ్రంథానికి తరువాత మెరుగులు దిద్దిన ఫ్రాన్సిస్ డే పుట్టినది అదే సంవత్సరం మార్చి నెలలో.

తరువాతి కాలము

ఈయన కోసీ నది చేపగా పేర్కొన్న రెరియో రెండంగుళాలకు మించని చేప. నీలి అడ్డచారలు తల వెనుక నుండి తోక చివరి వరకు సాగుతాయి. రెండు జతల మీసాలుంటాయి, పార్శ్వరేఖ ఉండదు. నూరేళ్ళకు పైగా ఇది అక్వేరియం ప్రియుల ముచ్చటగానే ఉండిపోయింది. అమెరికాలోని ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో జార్జ్ స్ట్రైసింగర్ దీనిని జన్యుపరిశోధనకు ఎన్నుకొని, 1981లో తొలి ఫలితాలు ప్రకటించాడు. గ్రుడ్డు పారదర్శకంగా ఉండి, లోపల పిండం పెరగడం కంటికి కనిపించడమే ఇందుకు ముఖ్యకారణం. 2013లో దీని జన్యుపటం ప్రచురితమైంది. గుండె, నరాల వ్యాధుల పరిశోధనలో ఈ చేపను విరివిగా వాడుతున్నారు.

గోదావరికి వరదకాలంలో ఎదురీదుకొని వచ్చే పులసకు ఈయన పెట్టిన ఇలిషా అనే పేరే నేటికీ శాస్త్రీయ నామంలో నిలిచి ఉంది. కొల్లేరు పరిసరాల చెరువులలో పెంచే బొచ్చె, శీలావతి కూడా ఆయన కాట్ల, రోహిత పేర్లతో వర్ణించిన చేపలే. ఈయన వర్ణించిన చిన్న చేపలలో అనేకం మళ్ళీ మళ్ళీ వర్గం మారాయి. టిక్టో, కాంకోనియస్ పుంటియస్ నుండి పెథియా అనే ప్రజాతిలోనికి చేర్చబడ్డాయి. రెరియో కొంతకాలం బ్రాకీడానియో అనిపించుకొని తిరిగి డానియోకు వచ్చింది. ప్రజాతి ఎన్నిసార్లు మారినా జాతి పేరు తరువాత కుండలీకరణాలలో హామిల్టన్, 1822 అని వ్రాయడం నియమము.